కొత్తవారికి ఏ సెనోటే మంచిది?

ఈత అంతంతమాత్రంగా వచ్చినవారు మెక్సికోలోని సెనోటేల్లో దిగవచ్చా అన్నది ప్రశ్న. చోటు సరిగ్గా ఎంచుకుంటే నిస్సంకోచంగా దిగవచ్చు. సున్నపురాయి పైకప్పు కూలి, కింది భూగర్భజలం బయటపడ్డ సహజ గుంతలే సెనోటేలు. యుకటాన్ ద్వీపకల్పంలో ఇవి వేలల్లో ఉన్నాయి.

నన్నడిగితే మొదటిసారికి తులుం పట్టణం దగ్గరి కాసా సెనోటే. పైన ఆకాశం, పక్కన మడచెట్లు, లోతు దాదాపు 8 మీటర్లే. లైఫ్ జాకెట్ వేసుకుని, ముఖం నీటిలో పెట్టి తేలితే చాలు, మడ వేళ్ల సందుల్లో చిన్న చేపలు తిరుగుతూ కనిపిస్తాయి. సముద్రం పక్కనే కనుక పైన మంచినీరు, అడుగున ఉప్పునీరు. డైవింగ్ చేసేవారికి ఆ రెండూ కలిసే పొర దగ్గర చూపు నూనె పూసిన అద్దంలోంచి చూసినట్టు మసకబారుతుంది. కంగారు పడకండి, కాస్త పైకి వస్తే అంతా తేటగా కనిపిస్తుంది.

నీరు సుమారు 25 డిగ్రీలు, కాసేపటికే చలి పుడుతుంది. వెట్‌సూట్ (నీటిలో ఒంటి వేడి పోకుండా కాపాడే బిగుతు దుస్తులు) వేసుకోండి. సన్‌స్క్రీన్ మాత్రం రాసుకోకండి, ఆ ప్రాంతానికి తాగునీరు ఈ భూగర్భజలమే.

సెనోటేల్లో నీటి అడుగున ఉండే సొరంగాల విషయంలో రాజీ వద్దు. డైవింగ్ సర్టిఫికెట్ ఉన్నా, గైడు వెంట, పగటి వెలుతురు కనిపించేంత వరకే వెళ్లాలి. ఆ హద్దు దాటాక పైకి లేద్దామన్నా తలపై రాయే ఉంటుంది.