జపనీస్ మొదలుపెట్టిన శ్రావణికి

అమ్మా శ్రావణీ,

జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్తానని భాష నేర్చుకుంటున్నావట. మీ అమ్మ చెప్పింది, నీ నోట్సు ఫొటో కూడా పంపింది. గర్వంగానే ఉంది, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి, పైన ఆ పనికి వేరే పరీక్షలు. అవన్నీ కోచింగ్‌లో చెప్తారు.

"వాకామోనో అంటే యువత" అని రాశావు. ఆ దీర్ఘాలెందుకు? ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి రాస్తే అంతే. వకమొనొ. నాలుగూ పొట్టి అక్షరాలే. కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో, ఈ మాట రాసేటప్పుడు మొదటి అక్షరానికి పైన గడ్డి గుర్తు, కింద 'కుడి' అనే అర్థమున్న అక్షరం. కింద 'పాత' అనే అక్షరం వేశావంటే 'చేదు' అనే అక్షరం అయిపోతుంది, జాగ్రత్త. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు ఏడాదిపాటు కారుకి పెట్టుకునే వకబ మార్కు పేరులోనూ ఆ అక్షరమే. వకబ అంటే లేతాకు.

టోక్యోలో నిషి కసాయ్ అనే చోట నాతో గదిలో ఒక గుంటూరు కుర్రాడు ఉండేవాడు. ఓరోజు హోటల్లో సర్వర్ని "వకమొనొ!" అని కేకేశాడు. మనం "బాబూ" అంటాం కదా, అలాగే అనుకున్నాడు. అది యువత గురించి చెప్పుకునే మాటేగానీ పిలుపు కాదు. పిలవాలంటే "సుమిమసెన్". తెలిసినవాళ్లయితే ఇంటిపేరు, చివర మన 'గారు' లాగా 'సన్'. సర్వర్ బిత్తరపోయాడు, పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. వాళ్ల నవ్వులో చెడ్డేమీ లేదు. కానీ వీడు మళ్లీ జపనీస్‌లో నోరు విప్పలేదు. ఆఫీసులో ఇంగ్లీషు, గదిలో తెలుగు, కొట్లో వేలు చూపించడం. జ్వరమొచ్చినా నేను వచ్చి క్లినిక్‌కి తీసుకెళ్లేదాకా ముసుగేసుకుని పడుకునేవాడు. ఎంత తెలివైనవాడో! చివరికి ఉద్యోగం వదిలేసి వచ్చేశాడు.

నువ్వూ అంతే, ఎవరైనా నవ్వితే గదిలోకెళ్లి తలుపేసుకుంటావు. అదే నా టెన్షన్. అక్కడి ముసలివాళ్లు "ఇమదొకి నొ వకమొనొ వ..." అని మొదలెడతారు. మీ నాయనమ్మ "ఈ కాలం పిల్లలు" అని సణుగుతుందే, అదే. నొచ్చుకోకు తల్లీ. పక్కన కూర్చుని "ముకషి వ దో దెషిత క" అని అడుగు, పాతరోజుల్లో ఎలా ఉండేదని. ఇక వాళ్లే మాట్లాడతారు, నీకు భాష వస్తుంది.

ఆదివారం ఫోన్‌లో ఆ వాక్యం నాకు చెప్పాలి. తప్పొస్తే నవ్వుతా, ముందే చెప్తున్నా. ఫోన్ పెట్టేయకూడదు.

మీ పెదనాన్న