ఒక్కరే పెద్దవారున్న ఇంట్లో బడి ఉదయాలు

ప్రశ్న: మాది కర్నూలు. విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణంలో గుమాస్తాగా పని చేస్తున్నాను. నా భార్య చనిపోయి ఏడాదిన్నర అయింది. ఈ జూన్‌లో పాప ఐదో తరగతికి, బాబు రెండో తరగతికి వెళ్తారు. పోయిన ఏడాదంతా ప్రతి ఉదయం మా ఇంట్లో అరుపులు, ఏడుపులే. జడలు వేయడం నాకు చేతకాదు, దువ్వెన పెట్టగానే పాప ఏడుస్తుంది. ఆటో వచ్చే వేళకు బాబు కడుపు నొప్పి అంటాడు, ఆదివారం ఆ నొప్పి ఉండదు. ఒకరోజు కోపం ఆపుకోలేక కొట్టాను. వాళ్ళమ్మను ఆసుపత్రిలో చేర్చిన రోజు పిల్లలు బడిలో ఉన్నారు, మళ్ళీ ఆమెను ప్రాణంతో చూడలేదు. పాపను తన దగ్గరకు పంపమని ఆదోనిలో ఉంటున్న మా అత్తగారు అడుగుతున్నారు. బంధువులు మళ్ళీ పెళ్ళి చేసుకోమంటున్నారు. బడులు తెరిచే రోజు దగ్గర పడుతుంటే భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మరేదో చెబుతూ మీరు దాటిపోయిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తల్లిని ఆసుపత్రిలో చేర్చిన రోజు పిల్లలిద్దరూ బడిలో ఉన్నారని, మళ్ళీ ఆమెను ప్రాణంతో చూడలేదని రాశారు. మీ అబ్బాయి కడుపు నొప్పికి మూలం చాలావరకు అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ ఉదయం వాడు రోజూ లాగే బడికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు, ఆ తరువాత ఇక ఎప్పుడూ లేదు. అంత చిన్న వయసులో పిల్లవాడు దీనినుంచి నేర్చుకునే పాఠం ఒక్కటే: తాను ఇల్లు వదిలి వెళ్ళినప్పుడే ఇంట్లో వాళ్ళకు ఏదో జరుగుతుంది. ఇప్పుడు వాడికి మిగిలిన పెద్ద దిక్కు మీరొక్కరే కాబట్టి, వీధి చివర ఆటో హారన్ వినబడగానే ఆ భయం లేస్తుంది. ఆ వయసు పిల్లలు భయాన్ని భయమని చెప్పలేరు. అది కడుపు నొప్పిగానో, తలనొప్పిగానో, వాంతి వచ్చినట్టుగానో బయటపడుతుంది. ఆదివారం నొప్పి లేదు కనుక నటిస్తున్నాడని మీరు అనుకొని ఉంటారు, కానీ ఆ నొప్పి వాడికి నిజంగానే తెలుస్తుంది. ఆదివారం భయపడవలసిన సందర్భం లేదు కనుక నొప్పీ రాదు. అయినా ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి, నులిపురుగులు, మలబద్ధకం వంటి కారణాలేవీ లేవని నిర్ధారించుకోండి. ఆ తరువాత మాత్రం ప్రతి ఉదయం ఆ నొప్పి గురించి వాదించకండి.

బడులు తెరవడానికి ముందే, తీరిక ఉన్న ఒక సాయంత్రం పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొని ఆ రోజు ఏం జరిగిందో వాళ్ళ వయసుకు తగిన మాటల్లో చెప్పండి. అమ్మకు ఏ జబ్బు చేసిందో, డాక్టర్లు ఏం ప్రయత్నించారో, తమను బడినుంచి ఎందుకు పిలిపించలేకపోయారో వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. పెద్దలు చెప్పని చోట పిల్లలు తమంతట తామే కారణాలు కల్పించుకుంటారు, ఆ కల్పనల్లో తప్పు చాలాసార్లు తమదే అవుతుంది. మీరు కన్నీళ్ళు పెట్టుకున్నా పరవాలేదు. ‘నాకెప్పుడూ ఏమీ కాదు’ అని మాత్రం మాట ఇవ్వకండి, ఆ మాట ఎవరి చేతిలోనూ లేదని మీ పిల్లలకు ఇప్పటికే తెలుసు. ‘నేను ఆరోగ్యంగా ఉన్నాను, ఇంట్లో ఏం జరిగినా మీకు చెప్పకుండా దాచను, అవసరమైతే బడికే వచ్చి మిమ్మల్ని తీసుకుపోతాను’ అని చెప్పండి. ఇది మీరు నిలబెట్టుకోగల మాట. కొట్టినందుకు కూడా అప్పుడే, సాకులు చెప్పకుండా, వాడికి క్షమాపణ చెప్పండి. తండ్రి అలా చెప్పినందువల్ల పిల్లల్లో భయభక్తులు పోతాయన్నది పెద్దలు పెట్టుకున్న అపోహే.

ఇక ఆటో ఎక్కే సమయానికి వీడ్కోలు చిన్నదిగా, రోజూ ఒకే విధంగా ఉండాలి. ‘నువ్వు వచ్చేసరికి పక్కింటి అవ్వ ఇంట్లో ఉంటుంది, దీపాలు పెట్టే వేళకు నేను వస్తాను’ అని చెప్పి, తల నిమిరి, ఎక్కించి, చేయి ఊపండి. వాడు చూడనప్పుడు తప్పుకోవడం, బతిమాలుతూ పది నిమిషాలు నిలబడటం రెండూ భయాన్ని పెంచేవే. ఏడ్చిన రోజున జాలిపడి ఇంట్లో ఉంచేసుకుంటే, మరుసటి రోజు ఏడుపు రెట్టింపవుతుంది. తరగతి టీచరును ముందుగా కలిసి, మొదటి రెండు వారాలు గేటు దగ్గర వాడిని చేయి పట్టుకొని లోపలికి తీసుకువెళ్ళమని అడగండి. ఆమెకు ఇది పెద్ద పని కాదు, వాడికి మాత్రం చాలా పెద్ద ఆసరా. చెప్పిన వేళకు మీరు ఇంటికి రావడం అన్నిటికంటే ముఖ్యం. ఆలస్యమయ్యే రోజున అవ్వకు ఫోను చేసి వాడితోనే మాట్లాడండి.

ఇప్పుడు మిగిలిన ఉదయం గురించి. మీ ఇంట్లో ఇప్పటికీ మీ భార్య నడిపిన ఉదయమే నడుస్తున్నట్టు నాకు అనిపిస్తోంది. ఇద్దరు పెద్దవాళ్ళు, అందులో ఒకరు పూర్తిగా ఇంటిపట్టునే ఉండి చేసిన పనులన్నిటినీ అంతే సమయంలో, అంతే నేర్పుతో ఒక్కరే చేయాలని చూస్తున్నారు. అది ఆమె మీద గౌరవంతోనే చేస్తున్నారని తెలుసు. కానీ ఒక్కరే పెద్దవారున్న ఇంటికి ఒక్కరు చేయగలిగినంత ఉదయమే ఉండాలి. కొన్ని పనులు రాత్రికి జరపాలి, కొన్నిటిని మానేయాలి. ఏడు గంటల నుంచి ఎనిమిది గంటల వరకు మీ చేతుల్లో మిగలవలసినవి పిల్లలను లేపడం, తినిపించడం, పంపడం మాత్రమే.

జడల సంగతే చూడండి. దువ్వెనను కుదుళ్ళ దగ్గర పెట్టి కిందికి లాగితే ఏ పిల్లయినా ఏడుస్తుంది. రాత్రి భోజనాలయ్యాక పాపను ముందు కూర్చోబెట్టుకొని, అరచేతికి కొంచెం నూనె రాసుకొని, జుట్టును రెండు పాయలుగా విడదీయండి. ఒక పాయను నడిమికి ఎడమ చేత్తో గట్టిగా పట్టుకొని, పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెనతో మొదట చివరి నాలుగు అంగుళాల చిక్కు మాత్రమే తీయండి. అది జారుగా వచ్చాక కొంచెం పైకి వెళ్ళండి. మీరు పట్టుకున్న చోటే లాగుడు ఆగిపోతుంది కనుక పాపకు మాడు నొప్పి తెలియదు. చిక్కంతా తీశాక వదులుగా ఒక జడ వేసి పడుకోబెడితే, తెల్లవారి విప్పి రెండు జడలు వేయడానికి ఎంతోసేపు పట్టదు. మొదట్లో వంకరగానే వస్తాయి. పక్కింటి ఆడవాళ్ళనో, దగ్గరి బంధువుల అమ్మాయినో ఈ సెలవుల్లో రెండు మూడుసార్లు నేర్పమని అడగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. జుట్టు కత్తిరిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, ఆ నిర్ణయం పాపకే వదలండి. ఆ జడలు వాళ్ళమ్మ చేతుల్లో పెరిగినవి, వాటిని మీ సౌకర్యం కోసం తీయించకండి.

తిండి విషయంలో ఇంత శ్రమ అక్కరలేదు. మన సీమలో ఉగ్గాని ఉండగా తెల్లవారుజామున దోసెల పెనం ముందు నిలబడటం ఎందుకు? ఉల్లిపాయలు, పచ్చిమిర్చి రాత్రే తరిగి పెట్టుకొని, పప్పుల పొడి డబ్బాలో సిద్ధంగా ఉంచుకుంటే, బొరుగులు నానబెట్టి పిండి తాలింపులో వేయడానికి పదిహేను నిమిషాలు చాలు. మధ్యాహ్నం డబ్బాలో చిత్రాన్నం, పెరుగన్నం వారానికి నాలుగు రోజులు పెట్టినా పిల్లలకు లోటేమీ కాదు. ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేయించిన చెనిక్కాయలో తోడుగా పెట్టండి.

పాప గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు రాయలేదు గానీ, తల్లి లేని ఇళ్ళలో పెద్ద ఆడపిల్ల తనంతట తానే ముందు లేచి, తమ్ముడి సంచి సర్ది, నాన్న కోపాన్ని కనిపెట్టుకొని తిరగడం నేను చాలాసార్లు చూశాను. చుట్టాలు దానిని మెచ్చుకొని ‘ఇంటికి చిన్నమ్మ అయింది’ అంటారు. ఆ మెప్పు తొమ్మిదేళ్ళ పిల్ల మోయలేని బరువు. తన సంచి, తన రిబ్బన్లు, తన నీళ్ళ సీసా, ఇంతవరకే ఆమె పని. తమ్ముడి పనులు తమ్ముడివి, వాడు చేసుకోలేనివి మీవి.

అందుకే ఆమెను ఆదోనికి పంపవద్దనే నా సలహా. ఏడాదిన్నర కిందట తల్లిని పోగొట్టుకున్న పిల్లలకు ఇప్పుడు ఒకరినొకరు పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు. అక్క కూడా వెళ్ళిపోతే మీ అబ్బాయి భయానికి మరొక రుజువు దొరికినట్టే. అయితే మీ అత్తగారి కోరికను తోసిపుచ్చకండి. ఆమె కూతురిని పోగొట్టుకున్న తల్లి, మనవరాలిలో కూతురిని వెతుక్కుంటున్నారు. ‘అత్తా, పాపను పంపలేను గానీ, బడులు తెరిచే ముందు వారం వచ్చి నెలాఖరు దాకా మాతోనే ఉండు’ అని మీరే ఆదోనికి వెళ్ళి పిలవండి. ఫోనులో చెప్పే మాట కాదిది. ఆమె వస్తే పనులన్నీ ఆమెకే అప్పగించక, మీరు ఏర్పాటు చేసుకున్న పద్ధతిలోనే ఉదయం నడిచేటట్టు చూసుకోండి. లేకపోతే ఆమె తిరిగి వెళ్ళిన మరునాడు మళ్ళీ మొదటికి వస్తారు.

మన రాష్ట్రంలో వేసవి సెలవుల తరువాత బడులు మామూలుగా జూన్ 12న తెరుచుకుంటాయి. మీకు చిక్కేమిటంటే, అదే సమయానికి తొలకరి పడి పత్తి, వేరుశనగ విత్తనాలకు రైతులు మీ దుకాణం ముందు బారులు తీరతారు. కాబట్టి యజమానితో మాట్లాడటం మే నెలలోనే జరగాలి. జూన్‌లో ఉదయం అరగంట ఆలస్యంగా వస్తానని, ఆ లోటును ఆదివారం లెక్కలు రాసి పూడుస్తానని తేల్చి చెప్పండి. సాయంత్రం వేళ మాత్రం పొడిగించడానికి ఒప్పుకోకండి, అబ్బాయికి ఇచ్చిన మాట దానిమీదే ఆధారపడి ఉంది. యూనిఫాం బట్ట ఇప్పుడే కొని టైలరుకు ఇచ్చేయండి, జూన్ మొదటి వారంలో ఇస్తే బడి తెరిచిన పది రోజులకు గానీ చేతికి రాదు. బూట్లు మాత్రం ఆఖరున కొనండి. ఎండలకు మిద్దె మీద పడుకొని పొద్దెక్కేదాకా లేవని పిల్లలను, తెరవడానికి పది రోజుల ముందునుంచే రోజుకు పావుగంట చొప్పున ముందుగా లేపుతూ రండి. నోటు పుస్తకాలకు అట్టలు వేయడం ముగ్గురూ కలిసి ఒక సాయంత్రం చేయండి. ఆ పని బహుశా వాళ్ళమ్మ చేసేది కావచ్చు. అట్ట మడత పెడుతూ పాప ఆమె ప్రస్తావన తెస్తే, మాట మార్చకుండా వినండి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ, తల్లికి వందనం పథకం కింద 2025 నుంచి ఒకటో తరగతి మొదలు ఇంటర్ వరకు, ప్రైవేటు బడుల్లో చదివేవారితో సహా, అర్హులైన ప్రతి విద్యార్థికీ 15,000 రూపాయలు కేటాయించి, బడి నిర్వహణకు 2,000 తీసి, 13,000 కుటుంబానికి జమ చేస్తున్నారు. తల్లి లేని పిల్లల విషయంలో సంరక్షకుని ఖాతాకు వేస్తారు. మీ సచివాలయానికి వెళ్ళి, కుటుంబ వివరాల్లో మీ భార్య మరణం నమోదైందో లేదో, మీ బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉందో లేదో చూసుకోండి. ఫీజు భారమనిపించినా ఈ ఏడాది మాత్రం బడి మార్చకండి. తల్లి పోయిన తరువాత మీ పిల్లల బతుకులో మారకుండా మిగిలిన కొద్దిపాటి వాటిలో ఆ బడి ఒకటి.

మళ్ళీ పెళ్ళి గురించి క్లుప్తంగానే చెబుతాను. చేసుకోవడం తప్పు కాదు, చేసుకోకపోవడమూ తప్పు కాదు. జడలు వేయడానికి, డబ్బా కట్టడానికి మనిషి కావాలని చేసుకుంటే మాత్రం వచ్చే ఆమెకూ, పిల్లలకూ అన్యాయం జరుగుతుంది. ఉదయాలు మీ చేతికి వచ్చాక, తోడు కావాలని మీకే అనిపించినప్పుడు, పిల్లలతో చెప్పి ఆలోచించండి. బంధువులకు ఇప్పటికి ‘ఈ ఏడాది ఆ మాట వద్దు’ అంటే చాలు.

బడి తెరిచిన నెల తరువాత కూడా బాబు తరచుగా బడి మానుతున్నా, రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నా, పక్క తడుపుతున్నా, తిండి తగ్గినా ఆలస్యం చేయకండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళనైనా మాట్లాడతారు. ఆ నంబరు మీకు కూడా పనికి వస్తుంది. ఉత్తరం మొత్తంలో భార్య పోయిన దుఃఖం గురించి మీరు ఒక్క వాక్యమైనా రాసుకోలేదు. పిల్లలు పడుకున్నాక ఒక రాత్రి ఆ నంబరుకు చేసి, ముందు మీ గురించే మాట్లాడండి.