రూమ్మేట్‌ని మూర్ఖుణ్ణి చేశావెందుకు?

తమ్ముడికి,

నీ కథ నిన్న రాత్రి చదివాను. కోపమొచ్చి పక్కన పెట్టేశాను. పొద్దున మళ్ళీ చదివినా కోపం తగ్గలేదు. అందుకే ఆలస్యం చెయ్యకుండా రాస్తున్నాను.

2025 జులై 11న కొత్త సూపర్‌మ్యాన్ విడుదల. ముందు రోజు రాత్రి హాస్టల్ గదిలో ఇద్దరు కుర్రాళ్ళు సినిమా బాగుంటుందా ఉండదా అని తెల్లారేదాకా వాదించుకుంటారు. ఎత్తుగడ బాగుంది. రూమ్మేట్ ఫోన్లో ట్రైలర్ ఆపి, సూపర్‌మ్యాన్ ప్యాంటు మీది ఎర్ర డ్రాయరు దగ్గర వేలు పెట్టి, "2013లో తీసేశారు కదరా, మళ్ళీ ఎందుకు తగిలించారు?" అని అరిచే చోటు కళ్ళకు కట్టింది. ఆ ఒక్క చోటే వాడు మనిషిలా ఉన్నాడు. మిగతా కథంతా నీ హీరో రాళ్ళు విసరడానికి నిలబెట్టిన దిష్టిబొమ్మ.

మంచి డైలాగులన్నీ నీ హీరోకే ఇచ్చుకున్నావు. అవతలివాడికి పాత సూపర్‌మ్యాన్ నటుడి పేరెత్తి "హెన్రీ కావిల్ లేకపోతే నేను చూడను" అనే ఒక్క మాట ఇచ్చి, దాన్నే తిప్పి తిప్పి అనిపించావు. చివరికి హాల్లోంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి "సారీ రా" అంటాడు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

ఎవరడిగినా అడక్కపోయినా నేను చెప్పే మాట ఒకటే. వాదన రాస్తున్నప్పుడు, నీ దగ్గరున్న అన్నిటికంటే గట్టి మాట నీకు నచ్చనివాడి నోట్లో పెట్టాలి. దానికి జవాబేమిటో నీకే తోచకూడదు. అప్పుడే పాఠకుడు ఆ గదిలోకి వచ్చి కూర్చుంటాడు.

ఆ కుర్రాడి వైపు ఎంత సరుకుందో చూడు. 2017లో, కావిల్ సూపర్‌మ్యాన్‌గా ఉన్న జస్టిస్ లీగ్ సినిమా పని చివరికి వస్తుండగా దర్శకుడు జాక్ స్నైడర్ కూతురు ఆత్మహత్య చేసుకుంది. ఆయన తప్పుకున్నాడు. స్టూడియో ఇంకొకరి చేత చాలా సీన్లు మళ్ళీ తీయించి విడుదల చేసింది. ఆయన తీసిన సినిమా మాకు చూపించండి అని అభిమానులు ఏళ్ళ తరబడి అడిగారు. అడుగుతూనే, ఆత్మహత్యల నివారణకి పనిచేసే సంస్థ కోసం లక్షల డాలర్లు పోగు చేశారు. వాళ్ళలో కొందరు నోటికొచ్చినట్టు జనాన్ని తిట్టారు, అదీ నిజమే, అదీ రాయి. 2021 మార్చిలో ఆ నాలుగు గంటల సినిమా వచ్చింది. తర్వాత 2022 అక్టోబరులో సూపర్‌మ్యాన్‌గా తిరిగొస్తున్నానని కావిల్ స్వయంగా ప్రకటించాడు. నవంబరులో ఈ సినిమాలు తీసే డీసీ స్టూడియోస్ పగ్గాలు జేమ్స్ గన్ (ఈ కొత్త సూపర్‌మ్యాన్ దర్శకుడు ఇతనే), పీటర్ సాఫ్రాన్ చేతికి వెళ్ళాయి. డిసెంబరులో, నేను లేనని మళ్ళీ ఆ కావిలే చెప్పుకోవాల్సొచ్చింది. ఇదంతా దగ్గరుండి చూసిన కుర్రాడు కొత్త పోస్టర్ చూసి "నేను నమ్మను" అంటే అది మొండితనమా? దెబ్బ తిన్నవాడి జాగ్రత్త కాదూ?

2013 సినిమాలో విలన్ జాడ్ మెడ విరిచాక సూపర్‌మ్యాన్ మోకాళ్ళ మీద కూలబడి అరుస్తాడు. చంపడం తప్పని నీ హీరో లెక్చరిచ్చాడు. రూమ్మేట్ చేత ఒక్క మాట అనిపించి చూడు: "ఆ అరుపు విన్నాకే నాకతను మనవాడనిపించాడు." దీనికి నీ హీరో ఏమంటాడో నాకు వినాలనుంది.

ఇక మైఖేల్ కీటన్ సంగతి. 1988లో కీటన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా తీసుకున్నారని స్టూడియోకి 50 వేల దాకా ఉత్తరాలు వెళ్ళాయంటారు. మరుసటేడు సినిమా బ్రహ్మాండంగా ఆడింది. దీన్ని పట్టుకుని, ముందే అనుమానించేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళని తేల్చేశాడు నీ హీరో. వాళ్ళెందుకు భయపడ్డారో చూశావా? 1966లో మొదలైన టీవీ సీరియల్ బ్యాట్‌మ్యాన్‌ని నవ్వులాట చేసి పెట్టింది. ఇప్పుడు మళ్ళీ కామెడీ నటుడు, కామెడీలు తీసిన దర్శకుడు. ఆ భయం సబబైనదే. సినిమా బాగా వచ్చినంత మాత్రాన భయపడినవాళ్ళు మూర్ఖులైపోరు.

2015లో వచ్చిన సూపర్‌హీరో సినిమా ఫెంటాస్టిక్ ఫోర్ ఊసే ఎత్తలేదేం? అక్కడ అనుమానించినవాళ్ళ మాటే నిజమైంది. వాళ్ళందరినీ ఒకే గాటన కట్టడం కుదరదు. అందులో ఒక హీరోగా వేసిన మైఖేల్ బి. జోర్డన్ నల్లవాడని విషం కక్కినవాళ్ళు వేరు. గడువులోగా తీయకపోతే పోయే హక్కులు చేజారిపోకుండా ఉండటానికే సినిమా తీస్తున్నారేమోనని సందేహించినవాళ్ళు వేరు. ఆ సందేహానికి పాత కారణమూ ఉంది. ఇవే పాత్రలతో 1992-93లో సుమారు 10 లక్షల డాలర్లలో ఒక సినిమా చుట్టేసి, హక్కులు దక్కించుకుని, అసలు విడుదలే చెయ్యలేదు. నీ పాత్రలకి ఈ గడువుల గొడవ తెలిసుంటే "క్రియేటివిటీ చచ్చిపోయింది" లాంటి అరిగిపోయిన మాటలు వాళ్ళ నోట రావు.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. రాత్రిళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, పగలు కథలు రాసుకునే రోజుల్లో, పొలం పంచుకునే అన్నదమ్ముల మీద ఒకటి రాశాను. పొలం అమ్మేద్దామనే అన్న చేత ఒక పేజీ మాట్లాడించాను. కథకి ప్రాణమే ఆ పేజీ. వారపత్రిక ఎడిటర్ దాన్ని కోసేసి, "విలన్ ఎవరో పాఠకుడికి తెలియాలి కదండీ" అన్నాడు. అచ్చయ్యాక మా మేనమామ చదివి, "పెద్దవాణ్ణి మరీ రాక్షసుణ్ణి చేశావేరా?" అని అడిగాడు. ఆ ఎడిటర్‌ని ఇప్పటికీ క్షమించలేదు. ఈ మధ్య ఆయనలాంటివాళ్ళు ఇంకా పెరిగారు. కథలో రచయిత ఏ పక్షమో మొదటి పేరాలోనే చెప్పాలట. సినిమా రివ్యూలకైతే ఇంటర్వెల్ కాకముందే రేటింగు.

కలం పేరు సంగతి, పోటీల సంగతి కూడా అడిగావు, అవి ఇప్పుడు నా బుర్రకెక్కడం లేదు.

ఆ "సారీ" కొట్టెయ్యి. సినిమా చూశాక రూమ్మేట్ "బాగానే ఉంది. కానీ నా సూపర్‌మ్యాన్ ఇతను కాదు" అనొచ్చు. లేదా ఏమీ అనకుండా క్యాంటీన్‌కి వెళ్ళిపోవచ్చు. ఏం చేస్తాడో వాణ్ణే అడుగు. తిరగరాసి పంపేటప్పుడు పేజీలకి నంబర్లు వెయ్యి, ఈసారి కాగితాలు కలిసిపోయి నానా అవస్థ పడ్డాను.

ఉంటాను,
మీ అన్న