42 డిగ్రీల్లోనూ డీఎన్‌ఏ పెరుగుతోందంటే మ్యూటేషన్ లేనట్టా? – సమాధానం

మీ రెండో ఇ.కోలై బ్యాక్టీరియా స్ట్రెయిన్‌లో (రకంలో) దెబ్బతిన్నది కాపీ మొదలుపెట్టే ప్రోటీన్ అయి ఉంటుందండి, టెన్షన్ పడకండి. వేడి పెరిగితే డీఎన్‌ఏ కాపీకి కావలసిన ప్రోటీన్ పాడయ్యే మ్యూటేషన్ ఉందనుకున్న రెండు స్ట్రెయిన్లను 30 నుంచి 42 డిగ్రీలకు మార్చగానే మొదటిదాంట్లో డీఎన్‌ఏ తయారీ ఠక్కున ఆగింది, రెండోదాంట్లో ఇంకా పెరుగుతోంది అన్నారు కదా.

1. ఠక్కున ఆగితే గొలుసు పొడిగే దశలో పనిచేసే ఎంజైమ్ పోయినట్టు: కొత్త గొలుసు కట్టే పాలిమరేజ్-3 లేదా రెండు పోగులను విడదీసే డీఎన్‌ఏ-బి హెలికేజ్.

2. మెల్లగా ఆగితే డీఎన్‌ఏ-ఏ లాంటి, కాపీ మొదలుపెట్టే ప్రోటీన్ పోయినట్టు. కొత్త రౌండు (మొత్తం డీఎన్‌ఏని ఒకసారి కాపీ చేయడం) మొదలవదు, సగంలో ఉన్నవి మాత్రం పూర్తవుతాయి. ధవళేశ్వరంలో కాలువ తలుపులు దించేసినా, అప్పటికే కాలువలో ఉన్న నీరు శివారు చేల దాకా పారుతుంది చూడండి, అలాగే.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: 10 నిమిషాల రీడింగుతో ఆపేస్తారు. 37 డిగ్రీల్లో ఒక రౌండుకే సుమారు 40 నిమిషాలు పడుతుంది. గంటన్నర దాకా, పది నిమిషాలకోసారి శాంపిల్ తీయండి. గ్రాఫులో గీత చదునైతే రెండో రకమే, అంటే మెల్లగా ఆగేదే.

అప్పటికీ పెరుగుతూనే ఉంటే వాటర్‌బాత్‌ని కాదు, ఫ్లాస్కు లోపలి మీడియం వేడిని థర్మామీటర్‌తో చూడండి. అదీ సరిగ్గా ఉంటే రివర్టెంట్లు (మ్యూటేషన్ పోయి మళ్ళీ మామూలుగా మారిన కణాలు) పెరిగాయేమో, 42 డిగ్రీల్లో ప్లేటింగ్ చేస్తే (ప్లేటు మీద పరిచి కాలనీలు వస్తాయేమో చూస్తే) తేలిపోతుంది.