లినక్స్ కోసం ఇంకో ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. క్లౌడ్ ఉద్యోగాలకు లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) రావాలని, విండోస్ పక్కనే దాన్నీ ఎక్కిస్తానంటున్నాడు. వాళ్ల సీనియర్ ఒకతను అలాగే చేయబోయి ఫైళ్లన్నీ పోగొట్టుకున్నాడట. వేరే ల్యాప్‌టాప్ కొనివ్వమంటారా? ఉన్నదానికి 8 జీబీ ర్యామ్ ఉంది. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కొనక్కర్లేదండీ. ఆ సీనియర్ చేయబోయింది డ్యూయల్ బూట్, అంటే ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేయడం, అయి ఉంటుంది. అందులో హార్డ్‌డిస్క్‌ను భాగాలు చేయాలి, అక్కడ పొరపాటు జరిగితే ఫైళ్లు పోతాయి. మీవాడికి వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో విండోస్ లోపలే సృష్టించే ఉత్తుత్తి కంప్యూటర్, చాలు. ఒరాకిల్ వాళ్ల వర్చువల్‌బాక్స్ ఉచితం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితమే. వీటిలో లినక్స్ మామూలు ప్రోగ్రాంలాగే విండోస్‌లో నడుస్తుంది. దాని హార్డ్‌డిస్క్ అంతా మీ డ్రైవ్‌లో ఒక పెద్ద ఫైలు, అంతే. లోపల ఫార్మాట్ కొట్టినా పోయేది ఆ ఫైల్లో ఉన్నదే.

ఇక ర్యామ్ సంగతి. లినక్స్‌లో ఉబుంటు అనే రకం ఉంది. దాని డెస్క్‌టాప్‌కి 4 జీబీ ఇస్తే, క్రోమ్ కూడా తెరిచి ఉన్నప్పుడు విండోస్ నత్తనడక నడుస్తుంది. అందుకని ఉబుంటు సర్వర్ వేసుకోమనండి, 2 జీబీతో హాయిగా నడుస్తుంది. బొమ్మలు, మెనూలు ఉండవు, అన్నీ కమాండ్లే. క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడే సర్వర్లలో, రేపు అతను చూడబోయేదీ అదే కాబట్టి నా ఉద్దేశంలో ఇదే మేలు. డబ్బు పెట్టాలనుకుంటే, స్లాట్ ఖాళీ ఉందేమో చూసి ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించండి.

వర్చువల్ మెషీన్ మొదటిసారి నడిపినప్పుడు ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ 'డిజేబుల్డ్' అని ఉంటే బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆన్ చేయాలి. ఇంటెల్‌లో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో వీటీ-ఎక్స్ అనో, ఏఎండీలో ఎస్‌వీఎం అనో ఉంటుంది. విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్ ముట్టుకునే ముందే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి, తర్వాత అది అడగవచ్చు.

ఉద్యోగానికి పనికొచ్చేది మాత్రం ఇన్‌స్టాల్ చేయడం కాదు, చెడగొట్టి బాగుచేయడం. ముందు స్నాప్‌షాట్ (మెషీన్ ఉన్నది ఉన్నట్టు దాచుకునే కాపీ) తీసుకుని, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఎక్కడ తెరవాలో లినక్స్‌కు చెప్పేది) కావాలనే తప్పు లైను రాసి రీబూట్ చేయమనండి. సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి సొంతంగా బయటపడాలి, కుదరకపోతే స్నాప్‌షాట్ ఎటూ ఉంది. తర్వాత రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకదాంట్లో వెబ్ సర్వర్ నడిపి రెండోదాన్నుంచి దాన్ని తెరవాలి. ఇంటర్వ్యూలో 'సర్వర్ బూట్ అవ్వకపోతే ఏం చేస్తావ్' అంటే, ఇదంతా చేసినవాడు తడుముకోడు.

లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ పరీక్షలో కూడా ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. దానికి రెడ్‌హ్యాట్ లినక్స్ లాగే ఉండే రాకీ లినక్స్ వేసుకుని ప్రాక్టీస్ చేయొచ్చు, ఉచితమే. పరీక్ష ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. ఆ రెండు మెషీన్ల పని చూడకుండా చేయగలిగాక, మూడో సంవత్సరంలో ఆలోచించండి.