ఏడాదిలో భాగవతం: ఆగిన చోటి నుంచే

(ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు పెద్ద గ్రంథాల పారాయణం గురించే. హన్మకొండలో ఉంటున్న విశ్రాంత తెలుగు టీచర్ జవాబులు.)

ప్రశ్న: మేడం, నమస్కారం. మాది హన్మకొండ, సుబేదారి. ఉగాది నాడు పోతన భాగవతం మొదలుపెట్టాను. పన్నెండు స్కంధాలు, పన్నెండు నెలలు కదా, నెలకొకటి చొప్పున ఏడాదిలో అయిపోతుందనుకున్నాను. రెండు స్కంధాలు బాగానే నడిచాయి. మూడోది సగంలో ఉండగా మా ఆడబిడ్డ కూతురి పెళ్లి వచ్చింది, అంతే, నెలన్నర నుంచి పుస్తకం ముట్టలేదు. దేవుడి గదిలోకి పోయినప్పుడల్లా అది కనబడి టెన్షన్. మధ్యలో ఆపితే దోషమని, మళ్లీ మొదటి నుంచి, అదీ తలస్నానం చేసి మడితో చదవాలని మా అత్తమ్మ అంటున్నారు. ఏం చేయమంటారు? — ఒక గృహిణి

జవాబు: చెల్లే, ముందు ఆ మొదటి నుంచి చదవాలన్న ఆలోచన మానుకో. మన దగ్గర చాలామందికి ప్రథమ స్కంధం కంఠతా వస్తుంది, నాలుగో స్కంధంలో ఏముందో తెలియదు. ఆగినప్పుడల్లా వెనక్కి పోతారు, అందుకు. నువ్వు ఏ పద్యం దగ్గర ఆగావో దాని తర్వాతి పద్యం రేపు పొద్దున చదువు.

మీ అత్తమ్మ గారు చెప్పిందీ ఊరికే అన్న మాట కాదు. శాపం తగిలిన పరీక్షిత్తు మహారాజుకు బతకడానికి మిగిలింది ఏడు రోజులు, ఆ ఏడు రోజుల్లో శుకుడు భాగవతమంతా వినిపించాడు. దాన్ని బట్టే సప్తాహాలు వచ్చాయి. సప్తాహానికి సంకల్పం ఉంటుంది, నియమాలుంటాయి, మధ్యలో వదిలేయకూడదు. ఆవిడ మనసులో ఉన్నది అది. నువ్వు చేస్తున్నది ఏడాది పొడుగునా ఇంటి పనుల మధ్య చదువుకోవడం. రెండింటికీ ఒకే నియమం పెడితే ఇల్లు గడవదు. ఆవిడతో వాదన పెట్టుకోకు. ఆ పుస్తకాన్ని దేవుడి గదిలోనే ఉండనియ్యి, చదువుకోవడానికి ఇంకో ప్రతి తెచ్చుకో. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు తాత్పర్యంతో సంపుటాలుగా వేశారు. కొనడమెందుకనుకుంటే హన్మకొండలో మన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉండనే ఉంది, 1904 నాటి గ్రంథాలయం, పోయి అడుగు. ఈ రెండో ప్రతి వంటింటి పక్కన, టీవీ దగ్గర, ఎక్కడైనా ఉండొచ్చు. సాయంత్రం అత్తమ్మ దగ్గర కూర్చుని పైకి చదివి వినిపించు. నాలుగు రోజులు పోతే ఆవిడే "ఇవాళ చదవవా?" అని అడుగుతారు, మడి సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇక నీ లెక్క. నెలకో స్కంధం అన్నది వినడానికే బాగుంటుంది. స్కంధాలన్నీ ఒక్క తీరుగా లేవు. దశమ స్కంధం ఒక్కటే మొత్తంలో మూడో వంతు, పన్నెండోదేమో యాభై పైచిలుకు పద్యాలతో అయిపోతుంది. నీ పద్ధతిలో పోతే ఆఖరి నెలంతా ఖాళీగా కూర్చుంటావు, కృష్ణుడి కథ వచ్చిన నెలలో నిద్ర ఉండదు. నువ్వు మూడో స్కంధంలో ఆగడానికి పెళ్లి ఒక్కటే కారణమంటే నేను నమ్మను. మొదటి స్కంధానికి అది రెండింతలు, రెండోదానికి మూడింతల పైనే.

అందుకని స్కంధాలు వదిలేసి పద్యాలు లెక్కపెట్టు. పద్యాలు, వచనాలు కలిపి సుమారు తొమ్మిది వేలు. ఏడాదికి 365 రోజులని పంచకు, 300 రోజులని పంచు, రోజుకు ముప్పై వస్తాయి. తాత్పర్యంతో కలిపి ముప్పావు గంట పని. మిగిలిన 65 రోజులు ఎక్కడికి పోతాయో నేను చెప్పక్కర్లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులు ఎవరు పుస్తకం పట్టుకుంటారు? సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర, రెండేళ్లకోసారి మాఘంలో మేడారం, మధ్యలో పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, ఒకరికి జ్వరం. అవి రాక తప్పదు కాబట్టి ముందే లెక్కలో వేసుకుంటే తర్వాత బాధ ఉండదు. ఇట్లా పంచితే ఇంకో సుఖం కూడా ఉంది. ఉగాదికి మొదలుపెట్టిన వాళ్లకు దశమ స్కంధం సరిగ్గా కార్తీకంలో అందుతుంది. ఆ తర్వాత ధనుర్మాసమంతా కృష్ణుడే. నువ్వు నెలన్నర ఆగావు కాబట్టి నీకు ధనుర్మాసంలో అందుతుంది, ఇంకా మంచిదే.

కష్టమైన చోట్లు ముందే తెలిస్తే ధైర్యంగా ఉంటుంది. నువ్విప్పుడున్న తృతీయంలో సృష్టి క్రమం, కపిలుడు తల్లి దేవహూతికి చెప్పే సాంఖ్యమనే తత్త్వశాస్త్రం ఉన్నాయి. అక్కడ పద్యం ఒక్కసారి చదివి, తాత్పర్యం చూసుకుని ముందుకు పో, ప్రతి మాటా అర్థం కావాలని పట్టుపట్టకు. పంచమంలో ద్వీపాలు, సముద్రాలు, గ్రహాలు, నరకాలు వరుసగా వస్తాయి. చాలామంది అక్కడ ఏకంగా స్కంధం దాటేస్తారు. దాటకు. జడభరతుడి కథ అందులోనే ఉంది. రాజుగారి పల్లకి మోయడానికి పట్టుకుపోతే, కాలి కింద చీమలు పడతాయని చూసి చూసి నడిచి, పల్లకి కుదిపేసి, రాజుతో తిట్లు తిని, ఆ రాజుకే తత్త్వం చెప్పిన మనిషి. ఆ భూగోళమంతా ఆయన కోసం ఓర్చుకోవచ్చు. అన్నట్టు, భాగవతమంతా పోతన చేతిది కాదు. పంచమం గంగన, షష్ఠం సింగన, ఆఖరి రెండూ వెలిగందల నారయ రాశారు. రాచకొండ ప్రభువు కోపంతో పాతిపెట్టించాడని, చెదలు తిన్న భాగాలు వీళ్లు పూరించారని మనవాళ్లు చెప్పుకుంటారు. కథ ఎట్లా ఉన్నా, షష్ఠం నుంచి సప్తమంలోకి రాగానే ప్రహ్లాదుడి దగ్గర గొంతు మారినట్టు నీ చెవికే తెలుస్తుంది.

చెవికి అన్నాను కదా, పద్యం లోలోపల చదువుకునేది కాదు. పైకి చదువు, కానీ పాదం చివర ఆగకు. ఎనిమిదో స్కంధంలో గజేంద్ర మోక్షం వస్తుంది, అందరికీ తెలిసిన "సిరికిం జెప్పడు" చూడు. మొదటి పాదం "సంధింపడే" దగ్గర పుస్తకంలో అయిపోతుంది. అక్కడ ఆగితే "సంధించడా ఏమిటి?" అని ఎవరినో అడిగినట్టుంటుంది. ఆ చివరి "ఏ" కింది పాదంలో ఉన్న "పరివారంబు"ది. సంధింపడు, ఏ పరివారంబునూ చీరడు అని అది. రెండో పాదమైతే "ఆకర్ణికాం" అని మాట నడుమ తెగుతుంది, "తర" కింద ఉంటుంది. లక్ష్మీదేవికి చెప్పకుండా, చేతిలోకి శంఖ చక్రాలు తీసుకోకుండా, ఎవరినీ పిలవకుండా, గరుత్మంతుణ్ని సిద్ధం చేయించకుండా, చెదిరిన జుట్టు సవరించుకోకుండా ఆయన పరుగెత్తుతున్నాడు. పాదం పాదానికీ ఆగి ఊపిరి పీల్చుకుంటే ఆయన పరుగు మనకెట్లా అందుతుంది? బడిలో పిల్లలకు ఈ ఒక్క పద్యంతోనే చదవడం నేర్పేదాన్ని. పాదం చివర ఆగిన వాణ్ని నిలబెట్టేదాన్ని కూడా.

గుర్తుకు డైరీలు, యాప్‌లు ఏమీ అక్కర్లేదు, ఆపిన పద్యం పక్కన పెన్సిల్‌తో తేదీ వేయి. మా నాన్నగారిది పరకాల దగ్గర వ్యవసాయం. ఆయన భాగవతం ఇప్పుడు నా దగ్గరుంది. అంచుల్లో తేదీలతో పాటు ఆ రోజు పని కూడా రాసేవారు: "వాన", "ఎడ్లకు గాళ్లు" (గాలికుంటు), "మిర్చి ఎనుమాములకు" (వరంగల్ మార్కెట్‌కు). వామన చరిత్ర మొదట్లో ఒక తేదీ, తర్వాతి పద్యం దగ్గర మూడు వారాల అవతలి తేదీ ఉన్నాయి. నడుమ "నాట్లు" అన్న మాట తప్ప సంజాయిషీ ఏమీ లేదు.

ఎండలు తగ్గాక మీ అత్తమ్మను ఒకసారి పోతన ఊరు బమ్మెర తీసుకుపో. పాలకుర్తి పక్కనే, హన్మకొండ నుంచి పొద్దున పోయి మధ్యాహ్నానికి రావచ్చు. కడప దగ్గరి ఒంటిమిట్ట వాళ్లు పోతన మావాడంటారు, అననియ్యి.

ప్రశ్న: మేడం, నాది కాజీపేట. రైల్వేలో నైట్ డ్యూటీలు. జనవరి 1న ఏడాదిలో బైబిల్ చదివే పట్టిక తీసుకున్నాను. లేవీయకాండము దగ్గర పడిపోయాను. ఇప్పుడు అరవై అధ్యాయాలు బాకీ. వారానికి ఒక ఆదివారం కూర్చుని తీర్చేద్దామంటే కుదరట్లేదు. మీరు హిందువులైనా పుస్తకాలు చదివేవారు కాబట్టి అడుగుతున్నాను. — ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, బాకీ రద్దు చేసెయ్యి. ఇవాళ్టి తేదీకి పట్టికలో ఏముందో అది చదువు. ఆ అరవై అధ్యాయాల దగ్గర ఒక కాగితం పెట్టుకో, సెలవు పెట్టిన రోజు చూద్దువు. బాకీ తీర్చడానికి చదివేవాడు వేగంగా చదువుతాడు, ఏం చదివాడో వాడికే తెలియదు.

పాస్టరు గారు చెప్పాల్సినవి నేను చెప్పను, లెక్క మాత్రం చెప్తాను. 66 పుస్తకాల బైబిల్‌లో 1,189 అధ్యాయాలు, అంటే రోజుకు మూడు, నాలుగు. (మీరు కతోలికులైతే 73 పుస్తకాలు, ఇంకొంచెం ఎక్కువ.) వరుసగా పోతే ఆదికాండము 50, నిర్గమకాండము 40, జనవరి ఆఖరుకే లేవీయకాండము వచ్చేస్తుంది. జోసెఫు కథ, ఎర్ర సముద్రం అయిపోయి బలుల నియమాలు, కుష్ఠు పరీక్షలు మొదలవుతాయి. నీలాగా అక్కడ ఆగినవాళ్లు లోకమంతటా ఉన్నారు. ఉన్నవి 27 అధ్యాయాలే, పగటి డ్యూటీ ఉన్న వారాల్లో పెట్టుకో. పక్కన రోజూ ఒక కీర్తన చదువు, నాలుక ఎండిపోకుండా ఉంటుంది. 119వ కీర్తన మాత్రం ఒక్క రోజుకు పెట్టకు, 176 వచనాలు. ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది, అట్లాగే పంచుకో.

నైట్ డ్యూటీలతో ఇదీ సాగదనిపిస్తే ఈ ఏడాదికి కొత్త నిబంధన చాలు. 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి, 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. రెండు రోజులు నిద్రపో.

ప్రశ్న: నా వయసు 74. శుక్లాల ఆపరేషన్ అయింది. మనవడు భాగవతం ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు. రోజూ గంట వింటున్నాను. వింటే చదివినట్టేనా? — కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన

జవాబు: అన్నా, పరీక్షిత్తు మహారాజు ఒక్క పేజీ చదివాడా? కూర్చుని విన్నాడు. సంస్కృత మూలంలో ప్రహ్లాదుడు తండ్రికి తొమ్మిది రకాల భక్తి చెప్పినప్పుడు మొదట చెప్పింది కూడా వినడమే. నిద్రపోయే ముందు మాత్రం వినకండి, మీరు పడుకుంటే అది పోతూనే ఉంటుంది, మర్నాడు కథ ఎక్కడుందో దొరకదు. పొద్దున చాయ్ తాగాక వినండి. వేగం కొంచెం తగ్గించమని మనవడికి చెప్పండి, ఆపిన చోటు గోడ క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.