చిన్నా, ఆ ఒక్క బెండ్ గురించి

చిన్నా,

మీ అమ్మ పంపిన నీ గిటార్ వీడియో నాలుగుసార్లు చూశాను. టెంపో 180, బీటుకి నాలుగు నోట్స్, అంటే సెకనుకి పన్నెండు. ఒక్కటీ జారలేదు. ఈ వయసుకే చెయ్యి ఇంతలా తిరగడం మామూలు విషయం కాదు. గది తలుపేసుకుని ఎన్ని గంటలు కూర్చున్నావో మీ అమ్మ చెప్పింది. ఆ కష్టం ఎక్కడికీ పోదు.

పరుగంతా అయ్యాక చివర ఒక నోట్ దగ్గర ఆగావు. నేను మళ్లీ మళ్లీ చూసింది అక్కడే. మూడో స్ట్రింగ్, ఏడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు). అక్కడున్న డి నోట్‌ని బెండ్ చేసి, అంటే నొక్కిన స్ట్రింగ్‌ని పక్కకి తోసి, ఇ దాకా తీసుకెళ్లాలి. నీది ఇ దాకా చేరలేదు, కొంచెం కిందే ఉండిపోయింది. పైగా వైబ్రాటో, అంటే నోట్‌ని ఊపడం, చలికి వణికినట్టుంది. అన్ని నోట్స్‌లోనూ వినేవాళ్లకి తీరిగ్గా వినే వీలు దొరికింది ఆ ఒక్కదాని దగ్గరే కదా!

ముందు ఆంప్‌లో డిస్టార్షన్, అంటే శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్, పూర్తిగా తీసెయ్. అది ఎక్కువగా ఉంటే మెల్లగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకేలా వినిపిస్తుంది, నోట్ దానంతటదే సాగుతుంది. నీ చెయ్యి ఏం చేస్తోందో నీకే తెలియదు. ఇప్పుడు చూపుడువేలు రెండో స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ మీద పెట్టి మోగించు. అది ఇ. ఆ శబ్దం చెవిలో ఉండగానే ఉంగరం వేలు మూడో స్ట్రింగ్ ఏడో ఫ్రెట్ మీద పెట్టి, దాని వెనకే మధ్యవేలు సాయం ఇచ్చి, పైకి తొయ్యి. ఒట్టి వేళ్లతో తొయ్యకు, మణికట్టు తిప్పు. రెండు స్ట్రింగ్స్ కలిపి మోగించి విను. తేడా ఉంటే శబ్దం వావ్ వావ్ అని అలల్లా కొట్టుకుంటుంది. దగ్గరికొచ్చేకొద్దీ ఆ అలలు నెమ్మదిస్తాయి, సరిగ్గా చేరగానే ఆగిపోతాయి. ఆ ఆగిపోయే చోటు వేళ్లకి అలవాటయ్యేదాకా రోజూ పావుగంట ఇదే పని. వైబ్రాటో ఆ తర్వాతే. లయ కొట్టే మెట్రోనోమ్ 60 మీద పెట్టి, బీటుకి రెండు ఊపులు, రెండూ ఒకే వెడల్పులో రావాలి.

అమ్మమ్మ నీ చేత సరళీ వరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడించేది గుర్తుందా? నువ్వు మూడో కాలానికి తొందరపడేవాడివి. ఆవిడ మొదటి కాలం దగ్గరే కూర్చోబెట్టేది. స్వరం శ్రుతిలో నిలిచిందో లేదో అక్కడే బయటపడుతుంది మరి.

నీ వయసులో నేను పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి. పాట మధ్యలో ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల) సోలో ఇస్తే ఊపిరాడనివ్వకుండా నింపేసేవాణ్ణి. ఒకరాత్రి ప్రోగ్రామ్ అయ్యాక, మాతో వయొలిన్ వాయించే పెద్దాయన టీ తాగుతూ, "ఇందాక వాయించావే, అది ఒకసారి నోటితో పాడు నాయనా" అన్నారు. పాడలేకపోయాను. వేళ్లకి వచ్చింది గానీ నాకు రాలేదని అప్పుడు తెలిసింది. చాలా బాధపడ్డాను. నువ్వు కూడా నీ సోలోని పాడి చూడు. ప్రతి నోట్ పలకక్కర్లేదు, పోకడ వస్తే చాలు. ఎక్కడ ఊపిరి తీసుకున్నావో సోలోలో అక్కడే ఖాళీ వదులు.

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ గారిని తీసుకో. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఈ పిల్లవాడు విని వాయించేవాడు. మామూలు మాండలిన్‌లో జంట తీగలుంటాయి, శబ్దం తొందరగా ఆరిపోతుంది. అందుకని శ్రీనివాస్ గారు అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేయించుకుని గమకాలు పలికించారు. ఆయన వేగం చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి. ఆ వేగంలోనూ పాట వినిపిస్తూనే ఉంటుంది. గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించినప్పుడూ అంతే.

వేగం అంటే ఒట్టి గారడీ అనేవాళ్ల మాట నమ్మకు. కొన్ని భావాలు పరిగెత్తితేనే పలుకుతాయి. గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ 1978లో విడుదల చేసిన ఆ నిమిషం నలభై రెండు సెకన్ల సోలో 'ఇరప్షన్'ని అందరూ ట్యాపింగ్, అంటే మీటే చేతి వేలితో ఫ్రెట్ల మీద కొట్టి వాయించడం, కోసమే వింటారు. ట్యాపింగ్ మొదలయ్యేది సగం దాటాకే. ముందు ఒక కార్డ్ కొట్టి మోగనిస్తాడు, ఆగుతాడు, ట్రెమొలో బార్‌తో (శ్రుతిని పైకీ కిందికీ కదిలించే కడ్డీ) శబ్దాన్ని కిందికి జార్చేస్తాడు. అవన్నీ ఉండబట్టే చివరి పరుగు అంతగా తగులుతుంది.

నీకిష్టమైన గిటారిస్ట్ ఇంగ్వే మాల్మ్‌స్టీన్ సంగతీ అంతే. 1984లో 'రైజింగ్ ఫోర్స్' ఆల్బమ్ వచ్చాక ఊరికొకడు ఆయనలా పరిగెత్తాడు. హార్మోనిక్ మైనర్ స్కేల్, అంటే మన కీరవాణి రాగం మెట్లే, అందరికీ వచ్చేసింది. ఆయన పొడుగు నోట్ మీద ఇచ్చే వెడల్పాటి, నిలకడైన వైబ్రాటో మాత్రం చాలామందికి రాలేదు. ఆయన ఫ్రెట్ల మధ్య ఉండే చెక్కను గుంటలుగా తొలిపించుకున్నది వేలికి స్ట్రింగ్ మీద పట్టు దొరకాలని. నువ్వు అలాంటి గిటార్ కొంటానన్నావట. ఇప్పుడే వద్దు. గట్టిగా నొక్కే అలవాటు నీకింకా పోలేదు, దాని మీద అలా నొక్కితే శ్రుతి పైకి పోతుంది.

ఈ వారం గిటారిస్ట్ జెఫ్ బెక్‌ని కూర్చుని విను. ఆయన పిక్ (మీటే బిళ్ల) వదిలేసి బొటనవేలితో, మిగతా వేళ్లతో మీటేవాడు, చిటికెన వేలు వాల్యూమ్ నాబ్ మీద, బార్ అరచేతికి అందేలా. 1989 నాటి 'వేర్ వర్ యు'లో హార్మోనిక్స్‌ని, అంటే స్ట్రింగ్‌ని తేలిగ్గా తాకి పుట్టించే సన్నని స్వరాల్ని, బార్‌తో వంచుతూ పాటంతా లాగాడు. బల్గేరియా ఆడవాళ్ల బృందగానం విని చేశాడట. ఆ స్వరాలు ఎంత మెల్లగా చేరతాయో చూడు. అలా చెయ్యడానికి సెకనుకి పన్నెండు నోట్స్ వాయించినంత కష్టం ఉంది.

ఇంకోటి. ముంజేయి నొప్పి పుడుతోందని మీ అమ్మ అంది. నొప్పి వస్తే వెంటనే ఆపెయ్. ఇంకో పది నిమిషాలు అని సాగదీయకు.

వచ్చే ఆదివారానికి నాకు ఒకే ఒక్క రికార్డింగ్ పంపు: క్లీన్ సౌండ్, ఆ ఏడో ఫ్రెట్ బెండ్, దాని మీద వైబ్రాటో, అంతే. పంపే ముందు కొత్త స్ట్రింగ్స్ వేసుకో. వీడియోలో నీవి తుప్పు పట్టినట్టు కనిపించాయి, వాటి మీద శ్రుతి నిలవదు.

ఆశీస్సులతో,
మామయ్య